లక్ష్మీబాయి జామ

సిద్దిపేట,
24 నవంబరు 2024

మధూ,

నువ్వు చచ్చిపోయిన మనిషి పేరు పెట్టి అబద్ధం అమ్మావు. "వదిన మళ్లీ మొదలుపెట్టింది" అని నవ్వుకునే ముందు ఆ వాక్యం ఇంకోసారి చదువు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు నవ్వుతావు. మెసేజ్ పెడితే జవాబిచ్చినట్టే ఇచ్చి తెల్లారేసరికి తుడిపేస్తావు. అందుకే కాగితం. నువ్వు కూడా కాగితం మీదే రాయి.

నిన్న చింతమడక వెళ్లాను. పిలిచింది సంతోష్. గుర్తున్నాడా? పోచయ్య పొలం పక్కనే వరి మానేసి నీ జామ నాటిన పిల్లగాడు. "ఆకు ముక్కను సీసాలో పెంచి మొక్క చేస్తారు, తల్లి చెట్టు ఎట్లుంటే పిల్ల చెట్టు అచ్చం అట్లనే ఉంటుంది" అని నువ్వు చెప్పావు, నేను ఊరూరా మైకు పట్టుకుని చెప్పాను, వాళ్లు నమ్మారు. మా సైన్సు సంఘం మీటింగ్ అనుకుని వెళ్తే అక్కడ మీటింగ్ లేదు, పంచాయితీ ఉంది. సంతోష్ బండి సీటు మీద పేపర్ పరిచి నీ జామకాయ కోశాడు.

"తినుండ్రి మేడం. గట్టిగ నమలకుండ్రి, పన్ను పోతది."

తిన్నాను. లోపల తెలుపు, నడుమ గుప్పెడు గింజలు. గింజలు కావు, కంకర. వెనక నుంచి కిష్టవ్వ అంది: "లక్ష్మి బతికున్నప్పుడు ఎవ్వల్నీ పల్లెత్తు మాట అన్లే. సచ్చినంక అందరి నోట్ల రాళ్లు పోస్తుంది సూడు."

అందరూ నవ్వారు. పోచయ్య అక్కడే ఉన్నాడు. ఆయన భార్య గురించే ఆ మాట. పోయి తన చెట్టు కాయ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. గులాబి రంగు గుజ్జు, వెతికితే గాని గింజ దొరకదు. మనం మొదటిరోజు తిన్నదే. సంతోష్ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, "గిది లక్ష్మీబాయి జామ. గది మీ మరిది జామ" అన్నాడు.

మీ కంపెనీ మొక్కల సంచుల మీద ఆమె ఫోటో ఉంది. ఎవరిదో పెళ్లిలో నవ్వుతూ దిగిన ఫోటో. ఖాళీ సంచుల్లో ఇప్పుడు ఊరంతా పేడ మోస్తోంది. పోచయ్య కళ్లముందే మోస్తోంది.

నేను అడిగేది ఒకటే. నువ్వు సీసాలో పెట్టిన ఆకు ఏ చెట్టుది?

ఉషా

*

పుణె,
8 డిసెంబరు 2024

వదినా,

నమస్తే. మా ఆఫీసుకు చేతిరాత కవరు వచ్చి ఎన్నేళ్లయిందో. రిసెప్షన్‌లో అమ్మాయి కోర్టు నోటీసనుకుని పరుగెత్తుకొచ్చింది. చదివాక నాకూ అదే అనిపించింది.

కోపం తగ్గాక ఇది చదువు. ఆకు లక్ష్మీబాయి చెట్టుదే. నువ్వు నా పక్కనే ఉన్నావు. ఆ రోజు కోసిన ఆకులు తడిగుడ్డలో చుట్టి ఐస్ డబ్బాలో పెట్టింది కూడా నువ్వే. నా చేతులతో కడిగి, ముక్కలు కోసి, సీసాల్లో పెట్టాను. ఇంకో చెట్టు ఆకు మా గదిలోకి వచ్చే దారే లేదు.

ఇక కాయ సంగతి. మొదటి కాపు చూసి చెట్టు మీద తీర్పు చెప్పకూడదు. నీళ్లు సమంగా అందకపోయినా, నేలలో బోరాన్ తక్కువైనా కాయ గట్టిపడుతుంది. నాటు జామలా అనిపిస్తుంది. పైగా ఆకు ముక్క నుంచి చేసిన మొక్కల్లో వెయ్యికి కొన్ని తేడాగా రావడం శాస్త్రానికి తెలిసిన విషయమే, నేనేదో దాచింది కాదు. రెండో కాపు దాకా ఓపిక పట్టమని చెప్పు. నీ మాట వింటారు.

ఒక్క సంగతి చెప్పక తప్పదు. అన్న విత్తనాల దుకాణం బోర్డు నిండా ఆ జామే ఉంది. చింతమడక, అక్కన్నపేట రైతులకు మొక్కలు పోయింది అన్న చేతుల మీదుగానే. నువ్వు మైకు పట్టుకున్న రోజు జనం పుణె రారు వదినా, పాత బస్టాండు దగ్గర మన దుకాణానికే వస్తారు. నీ ఆవేశానికి అన్న షట్టరు దించుకోవాల్సి వస్తే అది ఏ ఉద్యమం?

చలి మొదలైంది. అన్నకు దగ్గు ఉంటే దవాఖానకు తీసుకుపో, తనంతట తాను వెళ్లడు.

మధుసూదన్

*

సిద్దిపేట,
12 జనవరి 2025

మధూ,

"వెయ్యికి కొన్ని." నీ వాక్యం అందంగా ఉంది. చింతమడకలో ఒక్క చెట్టు చూపించు, సరిగ్గా కాసింది. ఒక్కటి.

నేల తప్పన్నావు. సంతోష్‌ది ఎర్రనేల, కిష్టవ్వ కొడుకుది నల్లరేగడి, సర్పంచు తమ్ముడు చుక్కచుక్క లెక్కబెట్టి డ్రిప్పు పెట్టాడు. నేల తప్పయితే తప్పు చేనుకో రకంగా కనపడాలి. అన్ని చేన్లలో ఒకే తప్పు, ఒకే తెల్ల గుజ్జు, ఒకే కంకర కనపడితే ఆ తప్పు నేలలోంచి రాలేదు, సీసాలోంచి వచ్చింది. ఇది ఇంటర్ పిల్లలకు చెబితే అర్థమవుతుంది. మీరు మాత్రం ఎప్పుడూ ఇదే పాట. కాయ తియ్యగుంటే సైన్సు గొప్పది, చేదుగుంటే రైతు సరిగ్గా నీళ్లు పెట్టలేదు. సైన్సును పల్లెకు తీసుకుపోదామని పాతికేళ్లు తిరిగినవాళ్ల నోట్లో మట్టి కొట్టేది పూజారులు కాదు, మీరు.

ఇంకోటి. నీ గదిలో కూర్చుని నువ్వు చెప్పిన పాఠమే. పాత చెట్టు ఆకు ముక్కను సీసాలో పెడితే టీ డికాక్షన్‌లా నల్లబడి చస్తుందని, జామతో నీకు అదే తలనొప్పి అని చెప్పేవాడివి. మామిడీ అంతే, సపోటా అంతే అని మొత్తుకునేవాడివి. లక్ష్మీబాయి ఆకు మాత్రం నల్లబడలేదు. అంచుల్లో పచ్చగా ముద్ద కట్టింది, ముద్ద మీద చిగుళ్లు లేచాయి. ఆ రోజు నువ్వు స్వీటు డబ్బా పట్టుకుని ఇంటికొచ్చావు. పెద్ద చెట్టు ఆకు పసిమొక్క ఆకులా ఎందుకు బతికిందని నీలాంటి వాడికి ఒక్క రాత్రయినా నిద్ర పట్టకుండా పోవాలి. పోలేదు. బతికింది కదా, అమ్ముదాం అనుకున్నారు. అందుకే ప్రశ్న మారుస్తున్నాను. ఏ చెట్టు అని అడగను. ఏ కొమ్మ?

ఈ ప్రశ్న నీకు చిన్నదిగా కనపడుతుందేమో. పోచయ్య ఇంట్లో ఏం జరుగుతోందో చెప్తాను.

మొన్న, ఏటేటా పెట్టే లక్ష్మీబాయి సంవత్సరీకానికి నన్ను పిలిచాడు. దుబ్బాక నుంచి ఆమె అన్న వచ్చాడు. మగ్గం మనిషి, మాట మెత్తన అనుకున్నాను. విస్తరి ముందు కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏం బావా, మా చెల్లె మొకం పేడ సంచుల మీదికి ఎక్కిచ్చినవ్. కంపెనోళ్లకాడ ఎంత తిన్నవ్?"

"నేను ఒక్క రూపాయి ముట్టలే బావా."

"ముట్టకుంటే మరెందుకిచ్చినవ్ పేరు?"

"పది ఊర్లోల్లు తింటరు, తిన్నప్పుడల్ల దాని పేరు తల్సుకుంటరని ఇచ్చిన."

"తల్సుకుంటుండ్రు తియ్. మా దుబ్బాక బజార్ల గూడ మంచిగ తల్సుకుంటుండ్రు."

ఆయన తినకుండానే బస్సెక్కాడు. పోచయ్య పోయి ఆపలేదు. ఆపే ముఖం లేదన్నాడు.

అంతకు ముందు వారం తన సొంత చెట్టు కాయలు గంపకెత్తుకుని సిద్దిపేట రైతుబజారుకు వచ్చాడట. ఒకామె చేతిలోకి తీసుకుని, పేరు అడిగి, తిరిగి గంపలో పెట్టేసింది. "వద్దయ్యా, గీ జామ సంగతి విన్నం." నిజమైన కాయ అది. అబద్ధపు కాయ చేసిన పనికి అది అమ్ముడుపోలేదు. తెలుస్తోందా నువ్వేం చేశావో? ఆయన దగ్గర ఉన్నది ఒక్క చెట్టు, ఒక్క పేరు. రెండింటినీ పాడు చేశావు.

మీ అన్న దుకాణం గురించి బెదిరించావు. బెదిరింపు కాదు, ప్రేమ అంటావు. సరే, ప్రేమే అనుకుందాం. ఏ కొమ్మ?

ఉషా

*

పుణె,
9 ఫిబ్రవరి 2025

వదినా,

ఏ కొమ్మ అని నువ్వు అడగడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీకు నిజంగా గుర్తులేదా? లేక నా నోటితో చెప్పించాలనా?

చెప్తాను విను. లక్ష్మీబాయిని ఆ చెట్టు మొదట్లోనే బొంద పెట్టారు. దాని మీద సిమెంటు గద్దె కట్టారు. చెట్టుకు ఒకవైపు గద్దె, ఇంకోవైపు గోడ లేని పాడుబడ్డ బావి. పై కొమ్మలు అందాలంటే గద్దె మీద నిలబడాలి, ఇంకో దారి లేదు. పోచయ్య మనకు తాగడానికి నీళ్లు తెస్తానని కొట్టం దగ్గరికి పోయాడు. నేను చెప్పులు విడిచి గద్దె మీద ఒక కాలు పెట్టాను. నువ్వు వెనక నుంచి నా చొక్కా పట్టి లాగావు.

"దిగు మధూ. ఆయన పెండ్లాం గాడ పండుకుంది. నీకు చదువొచ్చిందని ఆయన మనసు మీద కాలు పెడ్తవా?"

నీ మాటలే, ఒక్క అక్షరం మార్చలేదు. నేను దిగాను. గద్దె అంచున మొదట్లో లేత చిగుళ్లు గుంపుగా ఉన్నాయి. చేతికి అందాయి, లేతగా ఉన్నాయి, కోశాను. నువ్వు గుడ్డ పట్టావు.

అది అంటు చెట్టు వదినా. పైన లక్ష్మీబాయి పుట్టింటి నుంచి తెచ్చిన తీపి జామ, కింద వేరు కోసం పెట్టిన నాటు జామ. ఆ చిగుళ్లు అంటు కింది నుంచి లేచిన పిలకలు. నాటు జామవి. ఆకు చూస్తే రెండూ ఒకటే. కాయ చూస్తేనే తేడా. అవి పిలకలు కాబట్టే ఆకు పసిమొక్క ఆకులా బతికింది. నీ డికాక్షన్ పాఠానికి జవాబు అదే. మా ప్లాట్‌లో మొదటి కాపు కోసి కొరికిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది నా చొక్కా మీద నీ చెయ్యి.

మూఢనమ్మకాల మీద నువ్వు రాసిన వ్యాసాలు నేను చిన్నప్పటి నుంచీ చదివాను. దయ్యాలు లేవని నాకు మొదట చెప్పింది నువ్వు. శ్మశానంలో నిమ్మకాయ తీసి షర్బతు చేసి తాగించావు. అంత మనిషివి, మూరెడు సిమెంటు ఎక్కనివ్వలేదు. ఎక్కనిచ్చి ఉంటే ఈ రోజు చింతమడక నిండా గులాబి జామ ఉండేది. ఇది కూడా రాయి నీ పత్రికలో. పెద్ద అక్షరాలతో రాయి.

కంపెనీ లాయర్లు నీ సంఘం పేరు అడుగుతున్నారు. నేను చెప్పలేదు. ఇక మీద నేను ఆపలేను. అన్న పేరు డీలరు కాగితాల మీద ఉంది, అది మరిచిపోకు.

మధు

*

సిద్దిపేట,
2 మార్చి 2025

మధూ,

అన్నాను. గుర్తుంది. ఈ రోజు నువ్వు అదే గద్దె మీద కాలు పెట్టబోయినా అదే అంటాను.

దయ్యం లేదని చెప్పడం ఒకటి, భార్యను పోగొట్టుకున్న మనిషి కట్టుకున్న గద్దెను నిచ్చెన చేసుకోవడం ఒకటి. ఈ రెండూ ఒకటే అనుకునే హేతువాదం నాది కాదు. నీది నాది అనేం ఉందిలే, నీకు ఏదీ లేదు. నేను ఎక్కొద్దన్నాను, పిలకలు కొయ్యమనలేదు. అంటు ఎక్కడుందో చూడాల్సింది నాలాంటి బోటనీ టీచరు కాదు, జీతం తీసుకునే శాస్త్రవేత్త. పోచయ్య వచ్చేదాకా ఆగి అడిగితే పోయేదేముంది?

అడిగితే ఏమనేవాడో నిన్న తెలిసింది. చింతమడక పోయి, సంగతి అంతా ఆయనకు విప్పి చెప్పాను. మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు వినాల్సింది నువ్వు.

"గద్దె ఎక్కద్దని నేనెప్పుడన్న మేడం? నేను దినాం గాడనే కూసుని దాంతోని ముచ్చట పెట్టుకుంట బువ్వ తింట. కాయలు తెంపాల్నంటే గద్దె ఎక్కే తెంపుత. నీళ్లు పట్టుకొచ్చేసరికి మీరిద్దరు కిందికెల్లి ఆకులు తెంపుతుండ్రు. గదేందో సీసాలకు గసొంటియే కావాలేమో, సదువుకున్నోల్లకు నేను చెప్పుడేంది అని ఊకున్న."

ఇదీ సంగతి. ఆయన నమ్మకాన్ని గౌరవించామనుకున్నాం. ఆయనకు ఆ నమ్మకమే లేదు. మన తలకాయలోని పల్లెటూరి రైతు బొమ్మకు దండం పెట్టి, ఎదురుగా ఉన్న రైతును అడగలేదు. నీకు నచ్చితే నవ్వుకో. నేను నవ్వలేకపోయాను.

అయితే మధూ, నువ్వు ఆ గద్దె కథను నా మీదికి విసిరి అసలు మాటను దాని వెనక పెట్టావు. మంచి ఉపాయం. కానీ కోపంలో రాశావు కాబట్టి ఒక వాక్యం జారిపోయింది. "మా ప్లాట్‌లో మొదటి కాపు కోసి కొరికిన రోజు."

ఏ రోజు?

మీరు పరీక్షకు వేసిన పుణె ప్లాట్ చింతమడక కంటే ఏడాది ముందు నాటింది. 2023 డిసెంబరులో కాయ చేత్తో పట్టుకుని నువ్వు దిగిన ఫోటో మీ అన్న ఫోన్‌లో ఉంది. "మన లక్ష్మీబాయి కాసింది" అని నువ్వే పంపావు. అంటే ఆ రోజుకే కొరికావు. ఆ రోజుకే తెలుసు. అక్కన్నపేట రైతులకు మొక్కలు ఎప్పుడు పంపారు? ఆ తర్వాత వానాకాలంలో, 2024లో. మీ అన్న దుకాణం ముందు ట్రాలీ ఆగింది, ఆయన దగ్గరుండి ఎక్కించాడు, నేను అందరికీ చాయ్ పోశాను. ఆ చాయ్ కప్పులు పట్టుకున్నవాళ్లు తెలిసి అమ్మిన రాళ్లు ఎక్కించుకుని పోయారు. వాళ్లకు ఇంకా కాపు రాలేదు. ఇప్పటికీ నీళ్లు పెడుతున్నారు.

నవంబరులో నేను అడిగితే నేల అన్నావు, బోరాన్ అన్నావు, వెయ్యికి కొన్ని అన్నావు. అప్పటికి నీకు తెలిసి ఏడాది అయింది. రెండో కాపు దాకా ఓపిక పట్టమన్నావు, ఏ కాపుకూ మారదని తెలిసి.

పొరపాటుకు నేను పక్కన ఉన్నాను. అబద్ధానికి లేను. ఈ రెండింటినీ ఒకే సంచిలో కట్టి నా చేతికివ్వకు.

మీ అన్నకు తెలుసా? దీనికి మాత్రం తిరుగుడు మాటలు వద్దు.

ఉషా

*

పుణె,
13 ఏప్రిల్ 2025

వదినా,

అన్నకు తెలియదు. చెప్పొద్దు, దండం పెడతాను.

నేను చెప్పలేదనుకోకు. ప్లాట్‌లో కాయ కొరికిన వారంలోనే పైవాళ్లకు మెయిల్ రాశాను. ఇవి అంటు కింది నాటు జామ మొక్కలు, అమ్మకం ఆపాలి అని రాశాను. మీటింగ్ పెట్టారు. పచ్చ వలల కింద మొక్కలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఆర్డర్లు వచ్చాయి, పేరు పడింది. "పేరు పడ్డాక రుచి ఎవడు చూస్తాడు, జామ జామే కదా" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గదిలో నవ్వకుండా కూర్చోవడం ఎట్లాగో నాకు చేతకాలేదు.

ఆ ల్యాబు నా పేరు మీద నడుస్తోంది వదినా. అది పోతే నేను ఎవరిని? ఈ వయసులో సీసాలు కడిగే పనిలో కూడా పెట్టుకోరు.

సరే, అయిందేదో అయింది. ముందుకు చూద్దాం. కంపెనీని ఒప్పించాను. గొడవ చేసే రైతులకు చప్పుడు కాకుండా వేరే మొక్కలు ఇస్తారు. జామకు ఇంగ్లిషు పేరు ఏదో పెడతారు, లక్ష్మీబాయి పేరు మెల్లగా అదే పోతుంది. పోచయ్యకు కూడా ఏదో ఒకటి చేద్దాం, ఒక బోరో, ఒక మోటరో.

దానికి ఒక్కటే కావాలి. ఆకు. ఈసారి పై కొమ్మలది. నల్లబడకుండా చూసుకునే పద్ధతి ఇప్పుడు నా దగ్గర ఉంది. గద్దె ఎక్కినా ఆయనకు బాధ లేదని నువ్వే రాశావు. నేను అడిగితే ఇవ్వడు, నువ్వు చెబితే ఇస్తాడు. జూన్ లోపల కోసి పంపిస్తే వచ్చే ఏటికి మొక్కలు వస్తాయి. అందరికీ మంచిది.

మీటింగులు మాత్రం వద్దు.

మధు

*

సిద్దిపేట,
18 మే 2025

మధూ,

నీ ఉత్తరం మీ అన్న చేతిలో పెట్టాను. దండం పెడతానన్నావు. పెట్టిన దండాలతో ఇంట్లో అబద్ధాన్ని దాచే పని నేను చేయను.

ఆయన కౌంటరు వెనక నిలబడి చదివాడు. మడత పెట్టాడు. "ఇంట్ల మాట ఇంట్ల ఉంచరాదా ఉషా?" అన్నాడు. ఇంట్లో మాట కాదు, అక్కన్నపేట మాట అన్నాను. "వాడు నా తమ్ముడు" అన్నాడు. తమ్ముడనే అడుగుతున్నాను అన్నాను. అప్పటి నుంచీ ఆయన నాతో మాట్లాడడం లేదు. దుకాణం మీద బోర్డు అట్లాగే ఉంది. లక్ష్మీబాయి దాని మీద నవ్వుతూనే ఉంది. ఇంట్లో చెల్లని మాట ఊళ్లో ఏం చెల్లుతుందని నువ్వు అనుకోవచ్చు. అనుకో.

పోయిన ఆదివారం చింతమడక, అక్కన్నపేట రైతులందరి ముందు చెప్పాను. పిలకలు, ప్లాట్ కాయ, నీ మెయిల్, మీటింగులో నవ్వులు, అన్నీ. గద్దె దగ్గర నేను అన్న మాట కూడా చెప్పాను. అక్కన్నపేట వాళ్లు మొదట నా మీదికే లేచారు. లేవాలి. "మొక్కలు కొనేటప్పుడు మీ చాయే తాగినం గద మేడం" అని ఒకాయన అన్నాడు.

సంతోష్ లేచాడు. ఇంటికి పోయి గొడ్డలి తెచ్చుకుని తన చేన్లోకి దిగాడు. మేమంతా వెనకే పోయాం. మొదటి చెట్టు పడింది, రెండోది పడింది. గట్టు మీద నుంచి ఎవడో అరిచాడు: "నరుకురా, లక్ష్మీబాయిని నరుకు!"

పోచయ్య ఆ మాట విన్నాడు. మోకాళ్ల నొప్పుల మనిషి, గట్టు దిగి చేనుకు అడ్డంపడి ఉరికాడు.

"గది లక్ష్మి కాదురా! గది మా లక్ష్మి కాదు!"

చెట్టు చెట్టు దగ్గరికీ పోయి అదే మాట. గొంతు పోయేదాకా అరిచాడు. సంతోష్ గొడ్డలి కింద పెట్టి ఆయనను పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఎర్కే కాక, ఎర్కే" అంటున్నాడు. కానీ గట్టు మీద వాడి మాటే ఊళ్లో తిరుగుతోంది, పోచయ్య మాట తిరగడం లేదు. ఎందుకంటే సంచి మీద అచ్చువేసింది మీరు. అచ్చువేసినవాడు కాదనేదాకా చెట్టు పేరు అదే. ఒక ముసలాయన చేన్లో ఉరికి అరిస్తే పోయే పేరు కాదు అది. మెల్లగా పోతుందన్నావే, మెల్లగా పోయేది మీ మచ్చ. ఆమె మీది మచ్చ అట్లాగే ఉండిపోతుంది.

నువ్వు ఆకు అడిగావని కూడా ఆయనకు చెప్పాను. నీ తరఫున అడగలేదు, నువ్వు అడిగావని మాత్రం చెప్పాను. బోరు, మోటరు సంగతీ చెప్పాను. అప్పుడన్నాడు: "బోరు నాకెందుకు మేడం. ముందుగాల దాని పేరు కడగమనుండ్రి. ఆకు ముచ్చట తర్వాత."

కాబట్టి విను. ఇవి నా కోరికలు కావు. ఆ రోజు చేను గట్టు మీద కూర్చుని అందరం కలిసి అనుకున్నవి. మృగశిర కార్తె లోపల జరగాలి. జరగకపోతే మన ఉత్తరాలు, నీవీ నావీ, ఒక్క మాట మార్చకుండా పత్రికకు ఇస్తాను. మీ లాయర్లకు మా సంఘం పేరు నువ్వే చెప్పు. నా పేరు కూడా చెప్పు.

1. మీరు అమ్మినవి లక్ష్మీబాయి జామ మొక్కలు కావని, అంటు కింది పిలకల ఆకుతో చేసిన నాటు జామ అని, మీరు ప్రకటనలు వేసిన ప్రతి పత్రికలో అంతే పెద్దగా తెలుగులో వేయాలి.

2. సంచుల మీద, కాగితాల మీద, మీ అన్న దుకాణం బోర్డు మీద ఆమె ఫోటో, పేరు తీసేయాలి. బోర్డు సంగతి నువ్వే ఫోన్ చేసి మీ అన్నకు చెప్పాలి.

3. నువ్వు పైవాళ్లకు రాసిన మెయిల్ రెండు ఊళ్ల రైతుల చేతికి ఇవ్వాలి.

4. చెట్లు తీయడానికి, మళ్లీ నాటడానికి అయ్యే ఖర్చు, పోయిన కాపు నష్టం కంపెనీ భరించాలి. గొడవ చేసినవాళ్లకే కాదు, నాటిన ప్రతి ఒక్కరికీ. చప్పుడు కాకుండా కాదు, రాతపూర్వకంగా.

5. దుబ్బాక పోయి లక్ష్మీబాయి అన్నకు, పోచయ్య ఒక్క రూపాయి ముట్టలేదని కంపెనీ మనిషి చెప్పాలి.

6. నువ్వు చింతమడక రావాలి. అందరి ముందు నిలబడి, అవి ఆమె చెట్లు కావని నీ నోటితో చెప్పాలి.

7. ఇవన్నీ అయ్యాక ఆకు కావాలంటే పోచయ్యను నువ్వే అడగాలి. నా చేత అడిగించొద్దు. ఆయన వద్దంటే, రెండోసారి అడగొద్దు.

ఉషా